అద్దానికి ఇవతల నిలబడ్డ తల్లులు

‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు.’ మన ఇళ్ళలో ఈ మాటను ఎంత నమ్మకంగా అంటారో మీలో చాలామందికి తెలుసు. 1987 వేసవిలో, నాకు ఏడో నెల నడుస్తుండగా నొప్పులు మొదలైనప్పుడు మా అమ్మ నా తల నిమురుతూ ఇదే మాట చెప్పింది. “భయపడకే, ఏడో నెలేగా, బతుకుతుంది” అంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రం మా ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. మర్నాడు రాత్రి పాప పుట్టింది. డాక్టర్ల లెక్కలో ఇరవై ఏడు వారాలు, తొమ్మిది వందల గ్రాములు. పుట్టగానే ఏడ్చింది. ఆ ఏడుపు పిల్లి కూనది లాగా ఉంది. దూదిలో చుట్టి, అద్దం మూత ఉన్న ఒక చెక్కపెట్టెలో పెట్టారు. లోపల అరవై వాట్ల బల్బు వెలుగుతోంది. నన్ను పై అంతస్తులో పడుకోబెట్టారు. చూస్తే బెంగ పెట్టుకుంటానని మూడో రోజు దాకా చూపించలేదు. చూపించిన ఆ ఒక్కసారీ అద్దం మీద చెయ్యి వేయబోతే, “ముట్టుకోకండమ్మా, ఇన్‌ఫెక్షన్ వస్తుంది” అన్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున పోయింది. మగవాళ్ళు తీసుకెళ్ళారు. ఎక్కడికో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

తర్వాత వచ్చిన ప్రశ్నలన్నీ నాకే. ఏం బరువులెత్తావు, బస్సుల్లో తిరగొద్దంటే విన్నావా, ఏం తిన్నావు? పుట్టిన పాప గురించి మాత్రం ఒక్కరూ ఏమీ అడగలేదు. మా అత్తయ్య ఓదార్పుగానే అంది, “ఇది లెక్కలోకి రాదులేమ్మా, మళ్ళీ పుడతారు” అని. పుట్టారు, ఇద్దరు. ఎంతమంది పిల్లలని ఎవరడిగినా ఇద్దరనే చెబుతూ వచ్చాను.

ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా తవ్వుకోవడానికి కారణం మా చెల్లెలి కూతురు స్వాతి. స్వీడన్‌లో ఉంటుంది. రెండేళ్ళ క్రితం తనకు ఇరవై అయిదో వారంలోనే కాన్పు అయింది. బాబు ఏడు వందల గ్రాములు. నా పాపకన్నా రెండు వారాలు ముందు పుట్టాడు, రెండు వందల గ్రాములు తక్కువ. ఆ వార్త విని నేను మనసులో ఏడ్చేసుకున్నాను. రెండో రోజు తనే ఫోటో పంపింది. వాలు కుర్చీలో పడుకుని ఉంది. ముక్కులో గొట్టం, ఒంటినిండా తీగలు ఉన్న ఆ పిల్లాణ్ణి తన రొమ్ముల మధ్య పడుకోబెట్టి దుప్పటి కప్పారు. “పెద్దమ్మా, రోజులో చాలాసేపు ఇలాగే ఉంచుకోమన్నారు. ఇది కూడా వైద్యమేనట” అంది.

నన్ను ముట్టుకోవద్దన్నారు. ఆమెను వదలొద్దంటున్నారు. ఈ రెండు ఆజ్ఞల మధ్య ఏం జరిగింది? జీవితమంతా చరిత్ర చెప్పిన నేను నా సొంత చరిత్రలో ఈ ప్రశ్న వేసుకోలేదు. రిటైరయ్యాక చదవడం మొదలుపెట్టాను. అలా చదివి తెలుసుకున్నదే ఇది.

అమ్మ చెప్పిన మాటతోనే మొదలుపెడతాను. అది మన ఊళ్ళలోనే పుట్టిన మాట అనుకునేదాన్ని. రెండు వేల ఏళ్ళకు పైబడిన గ్రీకు వైద్య గ్రంథాల్లో, హిపోక్రటీస్ పేరు మీద ఉన్నవాటిలో, ఎనిమిదో నెల బిడ్డ మీద ప్రత్యేకంగా రాశారు. ఏడో నెల బిడ్డ బతకవచ్చు, ఎనిమిదో నెల బిడ్డ బతకదన్నది వాళ్ళ నమ్మకం కూడా. అది నిజం కాదు. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. అయినా ఆ నమ్మకంలో నాకు ఆసక్తి కలిగించింది వేరే విషయం. ఎక్కడో ఒక గీత ఉందనీ, దానికి ఇవతల పుట్టినవాళ్ళు మనవాళ్ళు, అవతల పుట్టినవాళ్ళు కారనీ మనుషులు ఎప్పటినుంచో అనుకుంటూనే ఉన్నారు. ఆ గీతను ప్రకృతి గీసిందనుకున్నారు. తర్వాతి నూట నలభై ఏళ్ళ చరిత్ర చూస్తే గీసింది మనుషులేనని తెలుస్తుంది.

పారిస్‌లో పేద స్త్రీలు పురుడు పోసుకునే మెటర్నిటే ఆసుపత్రిలో స్తెఫాన్ తార్నియే అనే వైద్యుడుండేవాడు. 1878లో ఆయన అక్కడి జంతు ప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగే యంత్రం చూసి, పిల్లలకు అలాంటిది చేసిపెట్టమని దాన్ని తయారు చేసిన ఓడిల్ మార్టిన్‌ని అడిగాడు. 1880 దశకం మొదట్లో అది ఆసుపత్రికి వచ్చింది. అడుగున వేడినీళ్ళు, పైన పిల్లలు, మూతకు అద్దం. రెండు కిలోల లోపు పుట్టిన పిల్లల్లో అంతకుముందు నూటికి 66 మంది చనిపోతుంటే, ఆ సంఖ్య 38కి తగ్గిందని అక్కడివాళ్ళు ప్రకటించారు. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి బల్బు పెట్టె గుర్తొచ్చింది. వేడినీళ్ళకు బదులు బల్బు. నా పాపకు అందిన వైద్యం నూరేళ్ళ కిందటి పారిస్‌ది.

తార్నియే పేరు వైద్య చరిత్రలన్నిటిలోనూ ఉంది. మదామ్ హెన్రీ పేరు వెతికితేగాని దొరకదు. ఆమె అదే ఆసుపత్రిలో ప్రధాన మంత్రసాని. పుట్టిన పిల్లలను పెట్టెలో పెట్టినంత మాత్రాన చాలదని, పాలు పట్టడానికీ కనిపెట్టుకుని ఉండటానికీ మనుషులు కావాలని, బలహీన శిశువుల కోసం ప్రత్యేక విభాగం ఏర్పడేలా చేసి 1893 నుంచి దాన్ని నడిపింది. మనకు తెలిసిన నవజాత శిశు విభాగాలకు తొలి నమూనాల్లో అదొకటి. రెండేళ్ళ తర్వాత, 1895లో, అది పియేర్ బుదాఁ అనే వైద్యుడి చేతికి వెళ్ళింది. బుదాఁ గొప్పవాడే. అయితే ఆయన్ను ఆ రంగానికి పితామహుడని రాసే పుస్తకాల్లో ఆ మంత్రసాని సాధారణంగా కనబడదు.

బుదాఁ గురించి ఒక మాట చెప్పాలి. పెట్టెలో పెట్టి నెలల తరబడి దూరంగా ఉంచిన పిల్లల మీద కొందరు తల్లులకు ఆశ సన్నగిల్లుతోందనీ, చివరికి తీసుకెళ్ళడం మానేస్తున్నారనీ ఆయన గమనించాడు. తల్లిని దూరం చేసి బిడ్డను కాపాడటం సగం పనేనని 1900 నాటికే రాశాడు. తల్లులను లోపలికి రానిచ్చాడు, వాళ్ళ పాలే పట్టించాడు. అంటే ఈ జ్ఞానం మొదటే ఉంది. తర్వాతి యాభై, అరవై ఏళ్ళలో దాన్ని పోగొట్టుకున్నాం.

పోగొట్టుకున్న తీరు విచిత్రంగా ఉంటుంది. మార్టిన్ కూనీ అనే అతను ఇంక్యుబేటర్లను బతికున్న పిల్లలతో సహా ప్రదర్శనకు పెట్టాడు. అమెరికాలో, న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ వినోదాల పార్కులో 1903 నుంచి 1943 వరకు ఆ ప్రదర్శన నడిపాడు. జనం టికెట్టు కొనుక్కుని వచ్చి నెలతక్కువ పిల్లలను చూసి వెళ్ళేవారు. మన తిరనాళ్ళలో వింత జంతువులను చూపించినట్టు. అతని వైద్య పట్టా నిజమైనదేనా అన్న అనుమానాలు కూడా ఉన్నాయి. చదువుతుంటే మొదట ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, ఆ టికెట్ల డబ్బుతోనే పిల్లల ఖర్చంతా గడిచేదని, తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోలేదని, వేలమంది పిల్లలు అక్కడ బతికారని. పెద్ద ఆసుపత్రులు ఈ పిల్లలు ఎలాగూ బతకరని వదిలేసిన రోజులవి. బలహీనులు పుట్టకపోవడమే జాతికి మేలనే యూజెనిక్స్ వాదం అమెరికాలో రాజ్యమేలిన రోజులు కూడా. పిల్లలను రాత్రింబవళ్ళు సాకింది లూయీజ్ రెక్ట్ వంటి నర్సులు, పాలిచ్చే దాదులు. ఆ దాదుల పేర్లు దాదాపు ఎక్కడా మిగల్లేదు.

ఆసుపత్రులు ఎట్టకేలకు ఈ పని తమదని ఒప్పుకున్నాక అద్దం ఇంకా మందంగా తయారైంది. అంటురోగాల భయంతో తల్లిదండ్రులను బయటే ఆపేశారు. తల్లి కిటికీ అద్దంలోంచి చూసి వెళ్ళాలి. మూయగలిగిన కొత్త ఇంక్యుబేటర్లలోకి ధారాళంగా ఆక్సిజన్ వదిలారు. పిల్లలు ఎర్రగా ఆరోగ్యంగా కనిపించారు. 1942లో బోస్టన్‌లో టెర్రీ అనే కంటి వైద్యుడు ఈ పిల్లల్లో కొత్త రకం అంధత్వాన్ని వర్ణించాడు. తర్వాతి పదేళ్ళ పైచిలుకు కాలంలో ప్రపంచంలో సుమారు పదివేల మంది పిల్లలు చూపు కోల్పోయారు. ఎక్కువ కేసులు ఆక్సిజన్ దండిగా ఇవ్వగల సంపన్న దేశాల్లోనే. అనుమానం ఆక్సిజన్ మీదకు మళ్ళించినవారిలో ముందు చెప్పుకోవలసింది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్. ఆమె 1951లో రాసింది. 1953-54లో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్ష ఆమె అనుమానం నిజమేనని తేల్చింది. అప్పుడు ఆక్సిజన్‌ను మరీ బిగబట్టారు. దాంతో చూపు దక్కిన ఒక్కో బిడ్డకూ పదహారు మంది చొప్పున ఊపిరాడక చనిపోయి ఉంటారని 1973లో ఒక అంచనా వచ్చింది.

ఇది మనకు దూరపు కథ కాదు. 1990ల చివర్లో హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సుభద్ర జలాలి బృందం జంటనగరాల నర్సరీలకు వెళ్ళి నెలతక్కువ పిల్లల కళ్ళు పరీక్షించడం మొదలుపెట్టింది. అప్పటికి మన ఊళ్ళలోనూ ఆక్సిజన్ సిలిండర్లు వచ్చాయి, ఎంత ఇస్తున్నామో కొలిచే పరికరాలు అన్ని చోట్లా రాలేదు. సంపన్న దేశాల్లో ఇప్పుడీ జబ్బు మరీ చిన్న పిల్లలకే వస్తుంటే, మన దగ్గర కాస్త పెద్ద పిల్లలకూ వచ్చింది. పుట్టిన ముప్పై రోజుల లోపు కళ్ళు చూపిస్తే లేజర్‌తో చాలామందికి చూపు నిలుస్తుంది. ఆ ముప్పై రోజుల సంగతి తల్లికి ఎవరైనా చెప్పాలి.

ఇక ఊపిరితిత్తులు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నెలలు నిండకుండా పుట్టిన కొడుకు పాట్రిక్ 39 గంటలు బతికాడు. దాదాపు ముప్పై నాలుగు వారాల పిల్లవాడు, రెండు కిలోలకు పైనే ఉన్నాడు. ఈ రోజు మన జిల్లా ఆసుపత్రిలో పుట్టినా బతికే అవకాశమే ఎక్కువ. ప్రపంచంలో అత్యంత శక్తిమంతుడైన తండ్రి ఉన్నా ఆ రోజున మార్గం లేదు. అసలు కారణం నాలుగేళ్ళ ముందే, 1959లో, మేరీ ఎలెన్ ఏవరీ అనే వైద్యురాలు జెరె మీడ్‌తో కలిసి కనిపెట్టింది. ఊపిరితిత్తుల గదులు ముడుచుకుపోకుండా పట్టి ఉంచే సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఈ పిల్లల్లో తయారై ఉండదు. ఆ జ్ఞానం మందుగా మారడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పదిమంది పిల్లలకు ఇచ్చి ఫలితం చూపింది. అది మా ఊరి దాకా చేరేసరికి నా పాప పోయి కొన్నేళ్ళు గడిచాయి. దాని గురించి నాకు బాధ లేదు. లేని మందుకు ఎవరేం చేస్తారు?

బాధంతా ఇంకో మందు గురించి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో లిగిన్స్, హోవీ అనే ఇద్దరు వైద్యులు 1972లో ఒక సంగతి ప్రచురించారు. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న తల్లికి ముందుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయి, చావులు తగ్గుతాయి. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, అది తల్లి చేతికి వేసే సూది. తర్వాత ఇంకా అనేక పరీక్షలు జరిగాయి. ఐర్లండ్‌కు చెందిన పట్రీషియా క్రౌలీ అనే వైద్యురాలు వాటన్నిటినీ ఒకచోట చేర్చి, ఈ మందు పనిచేస్తుందనడంలో సందేహం లేదని 1990 నాటికి చూపించింది. అప్పటికీ డాక్టర్లు కదల్లేదు. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ సభ పెట్టి సిఫార్సు చేసేనాటికి ఆ దేశంలో అవసరమైన తల్లుల్లో అయిదుగురిలో ఒకరికి కూడా ఆ సూది అందలేదు.

నేను సాయంత్రం చేరాను. పాప మర్నాడు రాత్రి పుట్టింది. మధ్యలో ఒక రోజుకు పైగా ఉంది. ఆ వ్యవధి చాలు. ఆ సూది వేసినంత మాత్రాన నా పాప బతికేదని అనను. ఇరవై ఏడు వారాల పిల్లకు, ఆ బల్బు పెట్టెలో, అదొక్కటే చాలేది కాదు. పైగా మిగతా వైద్యం లేనిచోట ఆ సూది ఒక్కటే వేస్తే మేలు జరగకపోవచ్చని 2015లో ఆరు దేశాల్లో చేసిన పెద్ద పరీక్షలో తేలింది. తగిన వైద్యం ఉన్న ఆసుపత్రుల్లో పేద దేశాల్లోనూ ప్రాణాలు నిలబెడుతుందని 2020లో భారతదేశం సహా అయిదు దేశాల పరీక్ష చెప్పింది. అది చదివాక ఆ నర్సింగ్ హోమ్ మీద నాకున్న కోపం చల్లారింది. అమెరికాలోనే ఇవ్వని సూదిని మా ఊరి డాక్టరుగారు ఇవ్వలేదని ఎలా అనను? ఒక్కటి మాత్రం తెలిసింది. ‘ఏం బరువులెత్తావు’ అన్న ప్రశ్న తప్పు మనిషిని అడిగారు.

ఇప్పుడు దేశాల లెక్కల దగ్గరికి వద్దాం. బ్రిటన్, ఐర్లండ్‌లలో 1995లో ఇరవై అయిదు వారాలు దాటకుండా పుట్టిన పిల్లలందరినీ నమోదు చేసి ఒక అధ్యయనం చేశారు. బతికి పుట్టినవాళ్ళలో ఇల్లు చేరినవారు 22 వారాలకు నూటికి ఒక్కరు, 23కి 11, 24కి 26, 25కి 44. స్వీడన్‌లో 2004-2007 మధ్య పుట్టినవాళ్ళలో ఏడాది నిండినవారు 22 వారాలకు నూటికి పదిమంది, 23కి 53, 24కి 67, 25కి 82. ఫ్రాన్స్‌లో ఆ తర్వాత, 2011లో, 24 వారాలకు 31 మంది ఇల్లు చేరారు. 23 వారాలు, అంతకు లోపు అయితే నూటికి ఒక్కరు కూడా కాదు. కొలతల్లో చిన్న తేడాలున్నా ఈ దూరాన్ని అవి వివరించలేవు. ఫ్రెంచి డాక్టర్లకు చేతకాకనా? కాదు. ఆ వారాల్లో పుట్టిన పిల్లలకు అక్కడ చికిత్స మొదలుపెట్టడమే అరుదు. మొదలుపెట్టకపోతే బతకరు. బతకరు కనుక మొదలుపెట్టరు. అమెరికాలో ఒకే దేశంలో, 24 ఆసుపత్రుల మధ్య కూడా ఇదే తేడా ఉందని 2015లో బయటపడింది. 22 వారాల పిల్లలకు కొన్నిచోట్ల అందరికీ చికిత్స చేస్తే కొన్నిచోట్ల పదిమందిలో ఒకరికి కూడా చేయలేదు. జపాన్ తన చట్టంలో బిడ్డ బతకగల హద్దును 1991లో 24 వారాల నుంచి 22కి జరిపింది. నెదర్లాండ్స్ 2010లో 25 నుంచి 24కి జరిపింది. ఈ హద్దు మీద అబార్షన్ చట్టాల నీడ కూడా పడుతుంది. గీత జరిగినప్పుడల్లా అది ఏదో ఒక స్త్రీ శరీరం మీదుగానే జరుగుతుంది కనుక, ఆమెను అడగకుండా జరపకూడదనే మన పట్టు రెండుచోట్లా ఒక్కటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఇంకా సూటిగా ఉంటుంది. ఇరవై ఎనిమిది వారాల లోపు పుట్టిన పిల్లల్లో పేద దేశాల్లో నూటికి తొంభై మందికి పైగా మొదటి కొద్ది రోజుల్లోనే చనిపోతారు. సంపన్న దేశాల్లో చనిపోయేది పదిమంది లోపు. 2020లో ప్రపంచంలో కోటీ ముప్పై నాలుగు లక్షల మంది నెలతక్కువగా పుడితే అందులో ముప్పై లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. సంపన్న దేశంలోనైనా అందరూ ఒక్కటి కాదు. అమెరికాలో నల్లజాతి స్త్రీల కాన్పుల్లో నూటికి 14కు పైగా నెలతక్కువవైతే తెల్లజాతి స్త్రీలలో అవి తొమ్మిది, పది.

లెక్కలో మరో మెలిక ఉంది. పురిటి గదిలోనే పోయినవాళ్ళను వదిలేసి, నర్సరీలో చేరినవాళ్ళలో ఎంతమంది బతికారో చెబితే ఏ ఆసుపత్రి అయినా గొప్పగానే కనిపిస్తుంది. దేశాలను పోల్చేటప్పుడు మృతశిశువుల లెక్క ఇప్పటికీ ఇరవై ఎనిమిది వారాల నుంచే మొదలవుతుంది. ఇరవై ఎనిమిది వారాలంటే ఏడు నెలలు. ఆ పాత గీతే! మా అత్తయ్య ‘లెక్కలోకి రాదులే’ అన్నప్పుడు ఆమె ఒక్కతే అనలేదన్నమాట.

బతికినవాళ్ళు ఎలా ఉన్నారు? బ్రిటన్, ఐర్లండ్ పిల్లలకు ఆరేళ్ళు వచ్చాక, వాళ్ళ తరగతిలో పిల్లలతో పోల్చి చూస్తే నూటికి 22 మందికి తీవ్రమైన, 24 మందికి ఒక మోస్తరు, 34 మందికి స్వల్పమైన ఇబ్బందులున్నాయి. 20 మందికి ఏమీ లేవు. నడక, చూపు, వినికిడి, చదువు, ఇలా రకరకాల ఇబ్బందులు. దీన్ని దాచి అద్భుతాల కథలు చెప్పకూడదు. అలాగని ‘ఇలాంటి బతుకెందుకు’ అనే హక్కూ ఎవరికీ లేదు. కెనడాలో స్థిరపడిన భారతీయ వైద్యురాలు సరోజ్ సైగల్ అలా పుట్టి పెరిగిన పిల్లలనే, వాళ్ళు కౌమారంలోకి వచ్చాక, మీ జీవితం మీకెలా ఉందని అడిగింది. వాళ్ళలో చాలామంది తమ జీవితానికి తోటిపిల్లలతో దాదాపు సమానంగానే విలువ కట్టుకున్నారు. అలాంటి జీవితాలకు డాక్టర్లు, నర్సులు ఇచ్చిన విలువ దానికన్నా తక్కువ. అయితే ఆ పిల్లలను థెరపీలకు తిప్పేది, ఉద్యోగం మానేసేది ఎవరన్నది ఏ పట్టికలోనూ ఉండదు. మనకు తెలుసు.

అద్దం ఎలా కరిగిందో చెప్పి ముగిస్తాను. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే వైద్యుడి ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదానిలో ఇద్దరు ముగ్గురిని పెట్టాల్సి వచ్చేది. అంటురోగాలతో పిల్లలు పోయేవారు. ఆయన పిల్లలను తీసి తల్లుల రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టించాడు. కంగారూ జంతువులాగా. 1979లో ఎస్తోనియాలోని టాలిన్‌లో నర్సులు చాలక తల్లులకే వార్డు అప్పగించారు. రెండుచోట్లా తల్లిని లోపలికి పిలిచింది సిద్ధాంతం కాదు, కొరత. తర్వాత బొగోటాలోనే నతాలీ షర్పాక్ అనే వైద్యురాలు ఆ పద్ధతిని శాస్త్రీయంగా పరీక్షించి, ఆ పిల్లలను ఇరవై ఏళ్ళ దాకా అనుసరించింది. 2021లో మన దేశంతో సహా అయిదు దేశాల్లో, కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పిల్లల మీద చేసిన పరీక్ష వెలువడింది. బిడ్డ కోలుకునేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఒంటిమీద ఉంచితే చావులు నూటికి 15.7 నుంచి 12కి తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందే ఆపేశారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ దీన్నే సిఫార్సు చేసింది.

ఇక్కడ నాకు సంతోషంతో పాటు ఒక భయం కూడా ఉంది. మా ఇంట్లో పనిచేసే నాగమణి కూతురికి ముప్పై వారాలకు కాన్పయినప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఆ పిల్లకు కంగారూ పద్ధతి నేర్పారు. మంచిదే. కానీ ఆమెకు పడుకోవడానికి మంచం లేదు, పగలంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కుట్లు ఆరలేదు. ఇంటి దగ్గర పెద్దపిల్ల ఉంది. కూలి పోతోందని భర్త మూడో రోజే వెళ్ళిపోయాడు. “అమ్మగారూ, పిల్లదాన్ని దించితే తిడతన్నారు, దించకపోతే దీనికి ఒంటేలుకెళ్ళే దారి లేదు” అంది నాగమణి. పదకొండో రోజు నుంచి తనే రవికె విప్పి మనవరాలిని రొమ్మున కట్టుకుంది. మా ఇంట్లో పని మానేసి. స్వీడన్‌లో స్వాతికీ భర్తకూ ఆసుపత్రిలోనే గది ఇచ్చారు, ఆ రోజులకు ఇద్దరికీ భత్యం వచ్చింది. సగం రోజు బాబు తండ్రి ఛాతీ మీదే ఉన్నాడు. తల్లి ఒళ్ళు గొప్ప వైద్యమని ఒప్పుకుంటే ఆ తల్లికి మంచం, తిండి, తన ఒంటికి వైద్యం, పోయిన కూలి ఇవ్వాలి. అవేవీ లేకుండా తల్లిప్రేమను పొగిడితే, స్త్రీని ఖర్చులేని ఇంక్యుబేటర్‌గా వాడుకోవడమే అవుతుంది. ఢిల్లీ పరీక్షలో గెలిచింది ఒట్టి స్పర్శ కాదు. అక్కడ నర్సరీ లోపలే తల్లికి మంచం వేశారు.

నాగమణి మనవరాలి కళ్ళను ఇరవై ఆరో రోజున పరీక్ష చేయించాం. బాగున్నాయి. స్వాతి కొడుకు నడక కాస్త ఆలస్యంగా నేర్చాడు. కుడికాలు కొంచెం ఈడుస్తాడు. వారానికి రెండుసార్లు వ్యాయామానికి తీసుకెళతారు.

మొన్న ఒక సాహిత్య సభలో పక్క కుర్చీలో కూర్చున్న రచయిత్రి ఎంతమంది పిల్లలండీ అని అడిగారు. ముగ్గురు, పెద్దది నాలుగు రోజులు బతికింది అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, నాకూ ఒకడున్నాడండీ అన్నారు.